కారులో పెట్రోలు వాసన వస్తే: లీకు వెతకడం, పైపు మార్చుకోవడం ఎలా

సంక్రాంతికి బస్సులో ఊరెళ్ళి, వారం తర్వాత హైదరాబాద్ తిరిగొచ్చాం. కారు అన్ని రోజులూ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంది. మర్నాడు పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది. ఏసీ వేసిన కాసేపటికి మాత్రం పెట్రోలు బంకులో నిలబడ్డట్టు వాసన. బానెట్ ఎత్తితే రబ్బరు పైపు మీద సన్నటి పళ్ళ గాట్లు, దాని కింద తడి. మేం ఊళ్ళో అరిసెలు తింటున్న వారంలో ఎలుక ఇక్కడ పెట్రోలు పైపు తిన్నది.

అప్పుడు నేనో పెద్ద తప్పు చేశాను. లీకు ఎక్కడో సరిగ్గా కనబడాలని ఇంజిన్ మళ్ళీ రెండుసార్లు స్టార్ట్ చేశాను. మా వీధి చివరి మెకానిక్‌కి ఫోన్‌లో ఆ మాట చెప్పగానే, "ముందు తాళం తీసి జేబులో పెట్టుకో తమ్ముడూ, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదీ, తర్వాత సొంతంగా చేసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలో స్పానర్ పట్టేది పావుగంటే. మిగతాదంతా దానికి ముందూ వెనకా చేసే పనుల వరస. ఆ వరస తప్పితేనే ప్రమాదం.

మీ కారు ఈ పనికి తగినదేనా?

ఇక్కడ చెప్పేది మామూలు ఎంపీఎఫ్ఐ (మల్టీ పాయింట్ ఫ్యూయల్ ఇంజెక్షన్) పెట్రోలు కారు గురించి. ట్యాంకులో కరెంటు పంపు ఉంటుంది, అది దాదాపు 3 నుంచి 4 బార్ ఒత్తిడితో పెట్రోలును ఇంజిన్‌లోకి చిమ్మే ఇంజెక్టర్ల దాకా తోస్తుంది. మన చిన్న కార్లలో చాలావరకు ఈ రకమే. టైరులో గాలి 2 బార్ చిల్లర ఉంటుంది కదా, పెట్రోలు పైపులో అంతకంటే ఎక్కువ ఒత్తిడి ఉంటుందని గుర్తు పెట్టుకోండి. ఇంజిన్ ఆపిన తర్వాత కూడా ఆ ఒత్తిడి చాలాసేపు పైపులోనే నిలిచి ఉంటుంది.

డీజిల్ కామన్ రైల్ కారైతే చూడండి, ముట్టుకోకండి. అందులో ఒత్తిడి 1,600 బార్, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. కంటికి ఆనని తుంపర కూడా చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయట సూది గుచ్చినంత గాయమే కనబడినా లోపల కండ పాడవుతుంది, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోలు ఇంజిన్లలో కూడా ఇంజిన్ దగ్గరి పంపు దాటాక ఒత్తిడి వందల బార్లలో ఉంటుంది. సీఎన్‌జీ సిలిండర్ నిండినప్పుడు 200 బార్. ఆ పైపులు, వాల్వులు లైసెన్స్ ఉన్న సెంటర్ వాళ్ళ పని. సిలిండర్‌కు మూడేళ్ళకోసారి జరగాల్సిన పరీక్ష గడువు దాటిందేమో చూసుకోవడం వరకే మన వంతు. కారు ఇంకా వారంటీలో ఉంటే ఈ వ్యాసం చదివి, పని మాత్రం సర్వీస్ సెంటర్‌కే వదిలేయండి.

వాసన రాగానే

రోడ్డు మీద ఉంటే పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. అందరూ దిగి దూరంగా నిలబడాలి. చుక్కలు కారుతున్నాయంటే మళ్ళీ తాళం తిప్పొద్దు, "షెడ్డు దగ్గరే కదా, మెల్లగా పోదాం" అనుకోవద్దు. ధార కారుతున్నా, పొగ కనబడినా 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మంటలు కనబడుతుంటే బానెట్ పూర్తిగా ఎత్తకండి, గాలి తగిలి ఇంకా భగ్గుమంటుంది.

సెల్లార్‌లో ఉంటే మరింత జాగ్రత్త కావాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతూ పల్లానికి చేరుతుంది. సెల్లార్‌లో పల్లం అంటే సంపు, లిఫ్టు గుంత, నీళ్ళ మోటారు ఉండే మూల. మోటారు ఆటోమేటిక్‌గా ఆన్ అయ్యేటప్పుడు స్విచ్చులో వచ్చే రవ్వ చాలు. గాలిలో వందకు ఒకటిన్నర వంతు పెట్రోలు ఆవిరి ఉంటే అంటుకుంటుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి పెట్రోలు నుంచి లేస్తుంది, మన ఎండల సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి వాచ్‌మన్‌కు చెప్పి బీడీ, అగరుబత్తి లాంటివి ఆర్పించండి, అక్కడి స్విచ్చులు వేయొద్దు, ఆపొద్దు. కింద కారినది కొంచెమే అయితే కారును న్యూట్రల్‌లో పెట్టి ఇద్దరు ముగ్గురు కలిసి ఆరుబయటికి తోయండి. తడి మీద ఇసుక పోయండి. నీళ్ళు కొట్టి డ్రైనేజీలోకి పంపితే ప్రమాదాన్ని పక్కింటికి పంపినట్టే. మడుగే కట్టి ఉంటే కారు జోలికి పోకుండా జనాన్ని బయటికి పంపి 101కి ఫోన్ చేయండి.

కావలసినవి

ఆరుబయట చదునైన నేల ఉండాలి, ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. కనీసం రెండు గంటలు ఆగండి, ఎండాకాలమైతే ఇంకాస్త. ఐఎస్ఐ మార్కున్న ఏబీసీ పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి చేతికందేంత దూరంలో పెట్టుకోండి. దాని ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో ముందే చూడండి. బకెట్ నీళ్ళు దీనికి బదులు కావు. నీళ్ళ మీద పెట్రోలు తేలుతుంది, మంట నీళ్ళతోపాటే పాకుతుంది.

కళ్ళద్దాలు, నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. మామూలు సర్జికల్ రబ్బరు గ్లౌజులు పెట్రోలు తగిలితే ఉబ్బి చిరిగిపోతాయి. బట్టలు నూలువి వేసుకోండి. పాలిస్టర్ చొక్కాతో సీటు మీద జరిగితే చిటపటమంటుంది చూడండి, ఆ రవ్వ మనకిక్కడ వద్దు. పని మొదలుపెట్టే ముందు కారు డోరు ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకితే ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది. వెలుతురుకు ఎల్ఈడీ టార్చి చాలు, అది కూడా దూరంగా ఉన్నప్పుడే ఆన్ చేసి తీసుకురండి. వైరుకు వేలాడే పాత గాజు బల్బు మాత్రం తేవద్దు. పెట్రోలు చుక్క పడి అది పగిలితే, లోపలి తీగే అగ్గిపుల్ల. పక్కన ఒక మనిషి ఉండాలి. సాయానికి కాదు, ఏదైనా జరిగితే ఎక్స్‌టింగ్విషర్ పట్టడానికి.

ముక్కుతో వెతకడం

చాలామంది ఇక్కడే తొందరపడతారు. కంటికి లీకు కనబడకముందే వాసన ఎప్పుడొస్తుందో గమనిస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

ట్యాంకు నింపించిన రోజే వాసన వచ్చి, సగానికి తగ్గాక పోతోందా? అయితే తేడా ట్యాంకు పైభాగంలో ఉంది. బంకులో నాజిల్ పెట్టే చోటి నుంచి ట్యాంకుకు వెళ్ళే లావు రబ్బరు పైపు బీటలు వారి ఉండొచ్చు, లేదా ట్యాంకు మీద పంపు కూర్చునే చోట రబ్బరు వాషర్ ఎండిపోయి ఉండొచ్చు. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకే ఎక్కువ వాసన వస్తుంటే ఈ వాషర్‌నే అనుమానించాలి, చాలా కార్లలో పంపు మూత వెనక సీటు కిందే ఉంటుంది. ఇంకో కారణం మన అలవాటే. నాజిల్ టక్కుమని ఆగాక "ఇంకో యాభై రూపాయలు, రౌండ్ ఫిగర్ చేయండి" అంటాం. అలా కుక్కిన పెట్రోలు, ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి పోతుంది. క్యానిస్టర్ అంటారు దాన్ని. ఒకసారి తడిస్తే అది పనికిరాకుండా పోవచ్చు.

ఏసీ గానీ బ్లోయర్ గానీ వేస్తేనే వాసన వస్తోందంటే, లీకు బానెట్ కింద. ముందు అద్దం కింది జాలీ నుంచే బయటి గాలి లోపలికి వస్తుంది, ఇంజిన్ దగ్గరి వాసనను దాంతోపాటు లాక్కొస్తుంది. నా కారు సంగతి ఇదే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయగానే వచ్చి, వేడెక్కాక పోతుంటే ఇంజెక్టర్ల ఓ-రింగులు, అంటే సందు మూసే రబ్బరు రింగులు, గట్టిపడ్డాయేమో చూడాలి. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు బిగుసుకుని సందు వదులుతుంది, వేడికి మెత్తబడి మూసుకుంటుంది. ఎండలో నిలబెట్టిన కారు దగ్గర మాత్రమే వస్తుంటే ట్యాంకు మూత రబ్బరు చూడండి, పగుళ్ళుంటే మూత మార్చండి. మొత్తం పనిలో ఇదే తేలిక. బీఎస్6 కార్లలో ఇంజిన్ లైటు వెలిగి, స్కానర్‌లో పీ0442 అని కోడ్ వస్తే ఆవిరి దారిలో చిన్న లీకు ఉందని అర్థం.

వాసన లేకుండా, సెల్ఫ్ ఎక్కువ కొట్టాల్సి రావడం, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ చావడం లాంటివి ఉంటే అది లీకు కాకపోవచ్చు. పంపు గానీ ఫిల్టర్ గానీ అయ్యుండొచ్చు. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద రెండు సెకన్లు జుయ్‌మని వినబడాలి, వినబడకపోతే ముందు ఫ్యూజు, పంపుకు కరెంటు ఇచ్చే రిలే స్విచ్చు చూడండి. ఎప్పుడూ రిజర్వులోనే కారు తిప్పేవాళ్ళకు పంపు త్వరగా పోతుంది, ఎందుకంటే దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే.

ఇప్పుడు కళ్ళతో. ఇంజిన్ ఆఫ్, తాళం బయట. ట్యాంకు నుంచి ముందుకు వచ్చే పైపు వెంట చూస్తూ రండి. రబ్బరు ముక్కలను వేళ్ళతో కొంచెం వంచండి. సన్నటి బీటలు కనబడితే, నొక్కితే మెత్తగా ఉబ్బినట్టుంటే, చేతికి నల్లగా అంటుకుంటే దాని ఆయుష్షు తీరినట్టే. క్లిప్పు దగ్గర ముదురు మరక, దాని చుట్టూ దుమ్ము కడిగేసినట్టు శుభ్రంగా ఉండటం, ఇవి కూడా లీకు గుర్తులే. తెల్ల టిష్యూ కాగితం అద్ది చూస్తే తడి తెలిసిపోతుంది. ఎలుక పని అయితే చుట్టుపక్కల వైర్లు కూడా చూడండి. అది పైపుతో ఆగదు, వైరు తోలు ఒలిచి పెట్టి ఉంటే పెట్రోలు పక్కనే రవ్వ సిద్ధంగా ఉన్నట్టు.

పాత కార్లవాళ్ళకు ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇ20, అంటే ఇరవై శాతం ఇథనాల్. 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న కార్లలో దాన్ని తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ వాడుతున్నారు. అంతకు ముందువైతే, ముఖ్యంగా పదేళ్ళు దాటినవైతే, రబ్బరు పైపులను సర్వీసు సర్వీసుకీ వంచి చూడటం మంచిది.

ఒత్తిడి దించడం

కంటికి తడి కనబడని కారుకు ఒక పద్ధతి, కారుతున్న కారుకు ఇంకో పద్ధతి. ఈ రెండూ కలిపేయకండి.

లీకు లేదు, ఫిల్టరో పాత పైపో మార్చాలి అంతే అనుకోండి. ముందు ట్యాంకు మూత తిప్పి లోపలి ఆవిరి ఒత్తిడి వదలండి. ఫ్యూజు పెట్టె మూత లోపల బొమ్మ ఉంటుంది, దాన్ని చూసి పంపు ఫ్యూజు గానీ రిలే గానీ పీకండి. ఇంజిన్ స్టార్ట్ చేస్తే పైపులో ఉన్నది కాల్చుకుని తనంతట తానే ఆగిపోతుంది. ఇంకోసారి రెండు మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టి తాళం తీసేయండి. లైట్లు, ఏసీ, అన్నీ ఆఫ్ అయ్యాక బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి పక్కకు కట్టండి. ఇంజిన్ వేడెక్కింది కాబట్టి మళ్ళీ చల్లారనివ్వాలి, ఇది చాలామంది మరిచిపోతారు.

బానెట్ కింద ఇప్పటికే కారుతుంటే ఇంజిన్ స్టార్ట్ చేయకండి, సెల్ఫ్ కూడా కొట్టకండి. బ్యాటరీ టెర్మినల్ కూడా ఆ తడి ఆరేదాకా ముట్టొద్దు, విప్పేటప్పుడు రవ్వ రావచ్చు. తాళం తీసేసి, కీలెస్ కారైతే రిమోట్‌ను ఇంట్లో పెట్టి, బానెట్ ఎత్తి గాలికి వదిలేయండి. లీకు గుండానే ఒత్తిడి తగ్గిపోతుంది. పూర్తిగా ఆరి, వాసన కూడా పోయాక పంపు ఫ్యూజు తీసి, బ్యాటరీ విప్పండి.

రెండు పద్ధతుల్లోనూ పైపులో కొంత పెట్రోలు మిగిలే ఉంటుంది. జాయింటు చుట్టూ మందపాటి నూలుగుడ్డ చుట్టి, ముఖం పక్కకు పెట్టి, మెల్లగా వదులు చేయాలి.

పైపు మార్చడం

పాత పైపు లోపలి కొలత ముఖ్యం, బయటిది కాదు. పాత ముక్కను కోసి స్పేర్ పార్ట్స్ షాపుకు పట్టుకెళ్ళండి. ఇంజెక్షన్ కార్లకు పనికొచ్చే ఫ్యూయల్ హోస్ అని గట్టిగా అడగండి. పైపు మీదే ఎస్ఏఈ జే30 ఆర్9 అని అచ్చు వేసి ఉంటుంది. ఆర్7 అని ఉంటే అది తక్కువ ఒత్తిడి ఉండే పాత కార్బురేటర్ బండ్లకు. బైకులకు వేసే పారదర్శక పైపు, వంటగ్యాస్ పైపు, నీళ్ళ పైపు, ఏదీ దీనికి బదులు కాదు. నాకు షాపులో "ఇదే అందరూ వేసుకుంటారు సార్" అని బైకు పైపు చేతిలో పెట్టారు. వెనక్కి ఇచ్చి ఇంకో షాపుకు వెళ్ళాను.

పైపును పదునైన బ్లేడుతో అడ్డంగా, నిటారుగా కోయండి. రంపంతో కోస్తే రబ్బరు పొడి లోపల పడి ఇంజెక్టర్‌కు అడ్డం పడుతుంది. పాతదాని పొడవే ఉంచాలి. పొడవు తగ్గితే ఇంజిన్ కదిలినప్పుడు లాగుకుంటుంది, ఎక్కువైతే మడత పడుతుంది. ఇనుప కొనకు దాదాపు అంగుళం లోపలికి, ఉబ్బెత్తు గీత దాటేదాకా ఎక్కించండి. ఎక్కకపోతే కొన మీద ఒక చుక్క ఇంజిన్ ఆయిల్ రాయండి. క్లిప్పు ఆ ఉబ్బెత్తుకు వెనక పడాలి. పళ్ళు రబ్బరును కోసే మామూలు గాడి క్లిప్పు కాకుండా, అంచులు మడిచిన ఫ్యూయల్ ఇంజెక్షన్ క్లిప్పు వాడండి, పాతవి తిరిగి వాడొద్దు. రబ్బరు క్లిప్పు అంచుల నుంచి పొంగేంతగా బిగించినా తప్పే. సైలెన్సర్ పైపుకు, బెల్టుకు తగలకుండా పాత దారిలోనే అమర్చండి.

కొన్ని కార్లలో రబ్బరుకు బదులు గట్టి నైలాన్ పైపు, చివర నొక్కితే ఊడే ప్లాస్టిక్ కనెక్టర్ ఉంటాయి. ఎలుక అలాంటిదాన్ని కొరికితే మధ్యలో కోసి రబ్బరు ముక్క, రెండు క్లిప్పులు వేసేవాళ్ళున్నారు. నున్నటి నైలాన్ మీద రబ్బరు పట్టు నిలవదు. కంపెనీ పైపే తెప్పించండి. కనెక్టర్ మళ్ళీ పెట్టేటప్పుడు టిక్‌మని వినబడాలి, తర్వాత వెనక్కి లాగి చూడాలి. ఫిల్టర్ మారుస్తుంటే దాని మీది బాణం ఇంజిన్ వైపు చూడాలి.

స్టార్ట్ చేసే ముందు

కారిన తడి అంతా తుడిచి, ఆరనిచ్చి, పనిముట్లు, గుడ్డలు దూరంగా పెట్టాకే ఫ్యూజు పెట్టి బ్యాటరీ కలపండి. తర్వాత స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ వరకే తిప్పండి. రెండు సెకన్లు పంపు తిరిగి ఆగుతుంది. ఆఫ్ చేసి మళ్ళీ ఆన్. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే పైపులో ఒత్తిడి నిండుతుంది. ఈలోగా రెండో మనిషి జాయింట్ల దగ్గర టార్చి వేసి చూస్తూ ఉండాలి. టిష్యూ అద్దితే పొడిగా రావాలి. ఒక్క చుక్క కనబడినా ఆపి, మళ్ళీ ఒత్తిడి దించి, మొదటి నుంచి. "కొంచెం చెమర్చింది, బిగిస్తే పోతుందిలే" అని ఒత్తిడి ఉండగానే స్క్రూడ్రైవర్ పెట్టొద్దు.

పొడిగా ఉంటే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నిలబెట్టి చూడండి. తర్వాత వీధి చివరిదాకా వెళ్ళొచ్చి మళ్ళీ చూడండి. మర్నాడు పొద్దున చల్లని ఇంజిన్ మీద ఇంకోసారి. ఓ-రింగు తేడా ఉంటే అప్పుడే బయటపడుతుంది.

ఇంట్లో వద్దనే పనులు

ట్యాంకు దించడం. సగం పెట్రోలున్న ట్యాంకు జాకీ మీద ఒరిగితే ఎవరూ పట్టలేరు. చిల్లు పడిన ట్యాంకుకు వెల్డింగ్ అసలే వద్దు. ఖాళీ ట్యాంకు క్షేమం అనుకుంటారు గానీ, నిండుదాని కంటే అదే ప్రమాదం. లోపల ఉన్నది ఆవిరీ, గాలీ కదా. లారీ డ్రైవర్లు ట్యాంకు చిల్లుకు ఒంటిసబ్బు రుద్దడం మీరు చూసే ఉంటారు. పెట్రోలుకు సబ్బు కరగదు కాబట్టి కాసేపు ఆగుతుంది, అది కూడా ఒత్తిడి లేని ట్యాంకుకే. పైపు లీకుకు సబ్బూ ఎపాక్సీ ముద్దా టేపూ పనిచేయవు.

ట్యాంకులోని పెట్రోలు నోటితో పీల్చి పైపులో తీయడం మన ఊళ్ళలో మామూలే. ఒక్క గుక్క పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. మింగినవాళ్ళను వాంతి చేయించకండి, వాంతిలో అదే మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయండి. పెట్రోలు తీయాల్సి వస్తే చేత్తో నొక్కే పంపు కొనండి, నేల మీద పెట్టిన ఇనుప డబ్బాలోకే తీయండి. మినరల్ వాటర్ సీసాలో పోసి బాల్కనీలో పెట్టిన పెట్రోలును పిల్లలు నీళ్ళనుకునే ప్రమాదం ఉంది.

తుడిచిన గుడ్డలు వాషింగ్ మెషీన్‌లో వేయకండి. ఆరుబయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరాక పారేయండి.

ఎలుక విషయానికొస్తే, మా కారులో సీటు కింద పల్లీలు, బిస్కట్ ముక్కలు దొరికాయి, పిల్లల పని. అవి ఊడ్చాం. ఇంజిన్ కింద తెరిచి ఉన్న చోట మెకానిక్ సన్నటి ఇనుప జాలీ బిగించాడు, వేడి భాగాలకు తగలకుండా. ఇప్పుడు ఊరెళ్ళి వస్తే తాళం తిప్పకముందే బానెట్ ఎత్తి వాసన చూస్తాను.